విమానము దిగిన మొదటి గంట

పూర్వము కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము రేవులనుండి ఉత్తరాంధ్ర కూలీలు పొగయోడలలో రంగూనుకు పోయెడివారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములనుండి రెండవ ప్రపంచ యుద్ధము వరకు ఈ రాకపోకలు విరివిగా సాగినవి. ఆ ప్రయాణములో కష్టములు మిక్కుటము. కాని ఒక సౌకర్యము ఉండెను. ఓడ మెల్లగా పోవును. సముద్రముమీద కొన్ని దినములు గడచునప్పటికి, లోగడ పోయి వచ్చినవారివలన రేవులో ఏ కాగితము చూపవలెనో, ఎవరి మాట నమ్మరాదో కొత్తవాడు వినియుండును. సూర్యోదయము దినమునకు కొన్ని నిమిషముల చొప్పున ముందుకు జరుగుచుండగా శరీరము కూడ దానితో సర్దుకొనును.

నేడు శృంగవరపుకోటలో మధ్యాహ్నము బస్సెక్కినవాడు మరునాడు తెల్లవారునప్పటికి దుబాయిలోనో, సింగపూరులోనో ఉండును. ఆ దినమున అతడు తెల్లవారుజామున 5 గంటలకే లేచియుండును. పెట్టె సర్దుట, బంధువుల వీడ్కోలు, విశాఖకు సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణము, అక్కడినుండి హైదరాబాదుకు ఒక విమానము, శంషాబాదులో కొన్ని గంటల నిరీక్షణ, తరువాత విదేశ విమానము. దిగునప్పటికి నిద్రలేక 20 గంటలకు పైగా గడచియుండును. 17 గంటలు మేలుకొనియున్నవాని చేతులు, చూపు, ఆలోచన ఎట్లు పనిచేయునో 1997లో వెలువడిన ప్రయోగఫలితములు తెలిపినవి: రక్తములో 0.05 శాతము మద్యమున్నవానితో అతడు సమానము. అనేక దేశములలో ఆ పాటి మద్యముతో కారు నడుపుట నేరము.

అట్టి స్థితిలోనున్న మనుష్యుడు ఒక్క గంటలో అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పవలెను, పెట్టె వెదకికొనవలెను, డబ్బు మార్చుకొనవలెను, తెలియని నగరములో దారి పట్టవలెను. కనుక ఆ గంటలో తేల్చవలసిన విషయములను మెదడు తేటగానున్నప్పుడే, అనగా ఇంటివద్దనే, తేల్చి కాగితముమీద వ్రాసికొనుట మేలు. వానిలో కొన్ని ప్రయాణమునకు వారము ముందు తేల్చవలసినవి. కొన్ని, ఆశ్చర్యముగా తోచవచ్చును గాని, హైస్కూలు రిజిస్టరులోనే తేలిపోవునవి.

గడియారమును సరిదిద్దుట

భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి లెక్కించినది. ఈ రేఖ ఆంధ్రదేశములో తునికి చేరువగా పోవును. శృంగవరపుకోట సుమారు 83 డిగ్రీల 10 నిమిషముల రేఖాంశమున ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, సంవత్సరపు సగటున ఇచ్చటి సూర్యుడు గడియారముకంటె 2 నిమిషముల 40 సెకనులు మాత్రమే ముందుండును. గుజరాతు పడమటి కొసన సూర్యుడు గడియారమునకు దాదాపు గంట వెనుక నడచుచుండగా, ఈ ఊరివారికి గడియారము చెప్పినదే సూర్యుడును చెప్పును. విమానము దిగినప్పుడు ఈ పొత్తు చెడును.

సింగపూరు గడియారము మన గడియారముకంటె 2½ గంటలు ముందు. కాని రేఖాంశములను బట్టి లెక్కించినచో శృంగవరపుకోటకును సింగపూరుకును సూర్యుని తేడా గంటా 23 నిమిషములే. 1982 జనవరి 1న ఆ దేశము తన కాలమును ముందుకు జరుపుకొనినది; అందువలన అక్కడ ఏడాది పొడవునా ఉదయము 7 గంటల ప్రాంతమున గాని ప్రొద్దు పొడవదు. 6 గంటలకు లేచి కిటికీ తెరచినవానికి చీకటి కనబడినచో గడియారము చెడినదని అనుకొనరాదు. దుబాయి కాలము మనకంటె గంటన్నర వెనుక. కువైటు, కతారు, బహ్రెయిను, సౌదీ అరేబియాలలో 2½ గంటలు వెనుక. న్యూయార్కులో చలికాలమున 10½ గంటలు, వేసవిలో 9½ గంటలు వెనుక. అమెరికాలో చాలభాగమున, ఐరోపాలోను వేసవి వచ్చునప్పుడు గడియారములను గంట ముందుకు త్రిప్పుట ఆచారము. గల్ఫు దేశములలో ఈ ఆచారము లేదు.

తరగతిలో చూపదగిన చమత్కారమొకటి కలదు. ముళ్ళ గడియారములో భారత కాలముండగా దానిని తలక్రిందులు చేసి చూచినచో గ్రీనిచి కాలము తెలియును. ఉదయము 10.30 గంటలప్పుడు పెద్ద ముల్లు 6 మీద, చిన్న ముల్లు 10కిని 11కిని నడుమ ఉండును. త్రిప్పగా పెద్ద ముల్లు 12 మీదికి, చిన్న ముల్లు 5 దరికి వచ్చును. గ్రీనిచిలో అప్పుడు 5 గంటలే. చిన్న ముల్లు అర గడి అటునిటుగా ఉండును గాని, లెక్క తప్పదు. 5½ గంటల తేడాలో 5½ గంటలును తీసివేయుటకు బదులు, 6 గంటలు త్రిప్పి 30 నిమిషములు కలిపినందున ఇది కుదిరినది.

తేదీలవద్ద పొరపాట్లు మరింత ఎక్కువ. టిక్కెట్టుమీద 10వ తేదీ 0.30 గంటలని యున్నచో, 9వ తేదీ రాత్రి భోజనముచేసి బయలుదేరవలెనని అర్థము. దీనిని 10వ తేదీ రాత్రి అనుకొని విమానాశ్రయమునకు పోయి, విమానము నిన్ననే పోయినదని తెలిసికొన్నవారు కలరు. చలికాలమున 10వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు హైదరాబాదు విడిచి 22 గంటలకు న్యూయార్కు చేరినవానికి అక్కడ ఇంకను 10వ తేదీ మధ్యాహ్నము 2.30 గంటలే అగును. బస ఏ తేదీనుండి కావలెనో వ్రాయునప్పుడు ఈ లెక్క చేసి చూచుకొనవలెను.

చేతి గడియారమును త్రిప్పుట క్షణములో పని. శరీరములోని గడియారమును త్రిప్పుట అట్లు కాదు. మెదడులో, కంటినరములు ఒకదానినొకటి దాటుచోటికి పైగా, సుమారు 20,000 నాడీకణముల చిన్న గుంపు కలదు. నిద్ర, ఆకలి, శరీరోష్ణము, కొన్ని గ్రంథుల స్రావములు దీని ఆజ్ఞలో నడచును. కణములలో ఈ గడియారము ఎట్లు తిరుగునో చిన్న పండ్ల ఈగలలో కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్బాష్, మైకేల్ యంగ్ అను ముగ్గురు అమెరికను శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. వెలుగు సోకకుండ వదలినచో మనుష్యుని లోగడియారము 24 గంటలకంటె కొద్దిగా ఎక్కువ సమయములో ఒక చుట్టు తిరుగును. దినమును పొడిగించుట దానికి తేలిక, కుదించుట కష్టము. అందువలననే పడమటికి పోయినవాడు త్వరగా, తూర్పునకు పోయినవాడు ఆలస్యముగా తేరుకొనును. సుమారుగా గంట తేడాకు ఒక దినము చొప్పున పట్టును.

ఈ గడియారమును త్రిప్పు తాళపుచెవి వెలుగు. ప్రతిదినము 6 గంటలకు లేచువానికి తెల్లవారుజామున 3, 4 గంటల నడుమ శరీరోష్ణము కనిష్ఠమగును. ఆ వేళకు తరువాత కంటబడిన వెలుగు గడియారమును ముందుకు, అంతకు మునుపు పడిన వెలుగు వెనుకకు త్రోయును. ఇక్కడి 4 గంటలు సింగపూరులో 6.30, కనుక అక్కడ ప్రొద్దు పొడిచిన తరువాత ఎండలో కొంతసేపు నడచుట మంచిది. దుబాయిలో గంటన్నర తేడాకు అంత ప్రయాస అక్కరలేదు. రాత్రి రెండు గంటలు ఆలస్యముగా పండుకొన్నచో చాలును. పది గంటల తేడా గల అమెరికాలో మొదటి కొన్ని దినములు శరీరమునకు రేయి పగలుగా ఉండును. పగలు నిద్ర ఆగనిచో అరగంటకు మించకుండ కునుకు తీయవలెను. చేరిన దినముననే కారు నడుపరాదు. చదివి ఆకళించుకొనవలసిన ఒప్పందముమీద సంతకము చేయరాదు.

చెవులు, అరకు ఘాటు

శృంగవరపుకోటనుండి అనంతగిరి మీదుగా అరకులోయకు పోయినవారికి ఘాటురోడ్డుమీద చెవులు దిబ్బడవేయుట, గుటక వేయగానే టప్పున వీడుట అనుభవమే. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇదే కొండలలోని కొత్తవలస-కిరండూలు రైలుమార్గము శిమిలిగూడ స్టేషనువద్ద దాదాపు 1,000 మీటర్లు చేరును. విమానము 10 కిలోమీటర్లకు పైన ఎగురుచున్నను లోపల గాలిని అదిమి ఉంచుదురు గనుక, ప్రయాణీకుల చెవులకు అది 2,400 మీటర్లకు మించని కొండవలె తోచును. కొన్ని కొత్త రకముల విమానములలో ఇది 1,800 మీటర్లే. అరకుకు రెండింతలకు పైబడిన ఆ కొండను విమానము దిగునప్పుడు సుమారు అరగంటలో దిగిపోవలెను.

ఎక్కునప్పుడుకంటె దిగునప్పుడే చెవులు ఎక్కువ బాధపెట్టుట కేవలము భ్రమ కాదు. కర్ణభేరికి వెనుక గాలి నిండిన చిన్న గది కలదు. దానినుండి గొంతులోనికి ఒక సన్నని నాళము పోవును. గొంతువైపు దాని కొస మెత్తగానుండి మామూలుగా మూసికొనియుండును. పైకి పోవునప్పుడు గదిలోని గాలిది పైచేయి యగుటచే అది నాళమును త్రోసికొని తానే బయటికి వచ్చును. క్రిందికి దిగునప్పుడు బయటి గాలిది పైచేయి; అది మెత్తని కొసను మరింత అదిమి మూయును. అప్పుడు కండరములు లాగి తెరచిననే గాలి లోపలికి పోవును. గుటకవేయుట, ఆవులించుట ఈ కండరములను లాగు పనులు. నిద్రలో గుటకలు తక్కువ గనుక విమానము దిగనారంభింపక మునుపే మేలుకొనవలెను. చంటిబిడ్డకు ఆ సమయమునకే పాలు పట్టవలెను. ముక్కు మూసికొని ఒక గ్రుక్క నీరు మ్రింగుట పెద్దవారికి మంచి ఉపాయము. జలుబు చేసినప్పుడు నాళపు గోడలు వాచియుండును. అట్టివారు ముందుగా వైద్యుని అడుగవలెను.

చెవులు వీడకుండ దిగినవానికి కలుగు చిక్కు నొప్పితో పోదు. అధికారి ప్రశ్న, అదియు పరదేశపు యాసలో, సగమే వినబడును. వినబడని ప్రశ్నకు తల ఊపి "యెస్" అనుట మన ప్రయాణీకులలో చాలమందికి అలవాటు. తిరిగి చెప్పుడని అడుగుటలో తప్పు లేదు.

విమానములోని గాలిలో తేమ సాధారణముగా 10 నుండి 20 శాతమే. వర్షకాలమున తేమలో నానుచుండు తూర్పుతీరపు వారికి ఇది ఎడారి. పెదవులు పగులును, గొంతు ఎండును, కండ్లు మండును. అడుగకయే నీరు ఇత్తురని చూడక అడిగి త్రాగవలెను. ఐదారు గంటలకు మించిన ప్రయాణములో కాళ్ళు కదపక కూర్చున్నచో సిరలలో నెత్తురు నెమ్మదించి గడ్డకట్టు ప్రమాదము కొందరికి కలదు. గంటకొకసారి లేచి నడచుట, పాదములు ఆడించుట దీనికి విరుగుడు.

అధికారి బల్ల ముందర

ఇమ్మిగ్రేషను బల్లవద్ద చూపవలసినవి: పాస్‌పోర్టు, వీసా, తిరుగు టిక్కెట్టు అవసరమైనచో అది, బస చిరునామా, పనికి పోవువానికి పని ఒప్పందము, విద్యార్థికి విద్యాలయపు ప్రవేశపత్రము. ఇవి అన్నియు చేతిసంచిలోనే ఉండవలెను. పెట్టెలో పెట్టినచో, పెట్టె బల్లకు అవతలనే దొరకును! టెలిఫోనులో దాచిన కాగితము టెలిఫోను ప్రాణముతో ఉన్నంతవరకే కాగితము.

కొన్ని దేశములు రాకడ పత్రమును ముందుగానే కంప్యూటరుద్వారా పంపుమని అడుగుచున్నవి. సింగపూరు పత్రమును చేరుటకు ముందు మూడు దినములలోపల పంపవలెను. దీనికి రుసుము లేదు. మలేషియా 2024 జనవరి 1 నుండి, థాయిలాండు 2025 మే 1 నుండి ఇట్టి పద్ధతి పెట్టినవి, అవియు ఉచితమే. డబ్బడుగు అంకెచోట్లు ప్రభుత్వమువి కావు.

ఇక పేరు. ఉపాధ్యాయులు దీనిని గమనింపదగును. తెలుగువారిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరముగా కుదించుట బడిలో అలవాటు. పాస్‌పోర్టులో పొడి అక్షరములు చెల్లవు, పూర్తిగా వ్రాయవలెను. ఇంటిపేరు గడి ఖాళీగా విడచి ఒకే పేరుతో పాస్‌పోర్టు తీసికొన్నవారికి 2022 నవంబరులో అరబ్ ఎమిరేట్సు వారి కొత్త నియమమువలన సందర్శక వీసాలవద్ద పెద్ద చిక్కు వచ్చిపడినది. అప్పలనాయుడు అను పేరులో 'పి' అను ఆంగ్లాక్షరము పదవ తరగతి పత్రములో రెండుసార్లు, పాస్‌పోర్టులో ఒకసారి, టిక్కెట్టులో మరొక తీరున ఉన్నచో, ఆ ముగ్గురును ఒక్కరేనని నమ్మవలసిన పూచీ పరదేశపు అధికారికి లేదు. అందుచే బడిలో పేరు నమోదగు దినముననే పూర్తి పేరు, స్థిరమైన అక్షరక్రమము, సరియైన పుట్టినతేదీ వ్రాయించుకొనుట పది సంవత్సరములకు పిమ్మట దుబాయిలో ఉపకరించును.

పదవ తరగతికే మరియొక ప్రయోజనము. అది పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై 'వలస తనిఖీ అవసరము' అను ముద్ర ఉండును. అట్టివారు ఉద్యోగము నిమిత్తము సౌదీ, కువైటు, కతారు, ఒమాను, బహ్రెయిను, అరబ్ ఎమిరేట్సు, మలేషియా మొదలగు 18 దేశములకు పోవుటకు 1983 నాటి వలస చట్టము ప్రకారము వలసదారుల రక్షణాధికారి అనుమతి పొందవలెను. ఈ అనుమతి అడ్డుగోడయని చాలమంది తలతురు. నిజమునకు అది గొడుగు. జీతమెంత, యజమాని ఎవరు, ఒప్పందమున్నదా అను సంగతులు అక్కడ పరీక్షింపబడును. వారు తీసికొనవలసిన 'ప్రవాసీ భారతీయ బీమా' రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయల వరకు పరిహారము.

ఈ గొడుగును తప్పించుటకు కొందరు దళారులు సందర్శక వీసాపై మనుష్యులను పంపుదురు. "అక్కడ దిగిన తరువాత పని వీసా చేయింతుము, అధికారి అడిగినచో చుట్టపుచూపుగా వచ్చితినని చెప్పుము" అని నేర్పుదురు. నిజము చెప్పినచో తిరుగు విమానము, అబద్ధము చెప్పినచో ఆ దినమునుండి అతడు చట్టముదృష్టిలో పనివాడే కాడు. జీతము రాకున్నను, గాయపడినను పని న్యాయస్థానములో నిలుచుటకు కాగితముండదు. వెల్డింగు, పైపు పని, తాపీపని, ఇంటిపని వెదకికొని ఉత్తరాంధ్ర పల్లెలనుండి పోవువారికి విమానము దిగిన మొదటి గంటలో జరుగు నష్టములలో ఇదే అన్నిటికంటె పెద్దది. అది అప్పుచేసి పోయినవాని నష్టము. వీసా కాగితముమీద ఏ రకమని వ్రాసియున్నదో ఆంగ్లము తెలిసిన ఉపాధ్యాయుని చేత చదివించుకొనుటకు అయిదు నిమిషములు చాలును. దళారి లైసెన్సు గలవాడో కాడో భారత ప్రభుత్వపు 'ఇ-మైగ్రేట్' జాబితాలో చూడవచ్చును. లైసెన్సు గలవాడు పుచ్చుకొనదగిన సేవారుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు కలదు.

బల్లవద్ద వ్రేళ్ళ గుర్తులు తీసికొందురు. సున్నము, సిమెంటు, ఇటుకలతో పనిచేయువారి వ్రేళ్ళ గీతలు అరిగిపోయియుండును; విమానపు పొడిగాలి చర్మమును మరింత బిరుసు చేయును. యంత్రపు గాజుపలకమీద గీతల మిట్టలు సరిగా అంటుకొననిచో గుర్తు పడదు. దిగుటకు ముందు చేతులు కడిగికొని కొంచెము తడిగా తుడుచుకొన్నచో చాలవరకు పడును. పడకున్నను బెదరనక్కరలేదు, కంటిపాపను, ముఖమును గుర్తించు యంత్రములు అనేక విమానాశ్రయములలో ఉన్నవి.

పెట్టెలో గసగసాలు

పెట్టె చీటిపై పది అంకెల సంఖ్యయు, చేరవలసిన నగరపు మూడక్షరముల గుర్తును ఉండును. విశాఖలో పెట్టె అప్పగించునప్పుడే ఆ మూడక్షరములు తుది నగరమువో, హైదరాబాదువో చూడవలెను. రెండు విమానములకు వేర్వేరు టిక్కెట్లు కొన్నచో పెట్టె హైదరాబాదులో దిగిపోవును. దానిని తీసి తిరిగి అప్పగింపవలెను. చీటి తునకను పారవేయరాదు. పెట్టె రానిచో ఆ హాలు విడువకముందే విమానసంస్థ బల్లవద్ద ఫిర్యాదు వ్రాయించి సంఖ్య తీసికొనవలెను. 1999 నాటి మాంట్రియలు ఒడంబడిక ప్రకారము పెట్టె దెబ్బతిన్నచో 7 దినములలో, ఆలస్యముగా చేరినచో 21 దినములలో వ్రాతమూలకముగా తెలుపవలెను. భారతదేశము 2009లో దీనిలో చేరినది.

కస్టమ్సులో పట్టుబడు వస్తువులలో తెలుగువారిని ఎక్కువగా ఆశ్చర్యపరచునది గసగసాలు. కోడికూర మసాలాలో వేయు ఈ గింజలు నల్లమందు మొక్క గింజలే. గింజలోపల మత్తుపదార్థము లేకున్నను, కాయ పాలు గింజ పైపొరకు అంటి ఉండవచ్చును. అరబ్ ఎమిరేట్సు, సింగపూరు దేశములు వీనిని మత్తుమందుల చట్టము క్రింద నిషేధించినవి. అమ్మ ప్రేమతో కట్టిన మసాలా పొట్లము జైలుదారి పట్టింపగలదు. నొప్పులకు వాడు ట్రమడాల్, దగ్గుమందులలోని కొడీన్ కూడ గల్ఫులో కట్టుబాటు గల మందులు. మందులను కొన్న పట్టీలతోనే, మందు అసలు పేరు వ్రాసిన వైద్యుని చీటితో తీసికొనిపోవలెను. ఇన్సులిన్ చేతిసంచిలో ఉండవలెను. విమానపు అడుగుగదిలో చలికి గడ్డకట్టినచో అది తిరిగి కరిగినను పనికిరాదు. సింగపూరులో నమలు పొగాకు, ఎలక్ట్రానిక్ సిగరెట్లు నిషిద్ధములు. చుట్టలకు మొదటి చుట్టనుండియే సుంకము.

పండ్లను లాగికొనుట అధికారుల దౌర్జన్యమని విసుగుకొనువారు మామిడిటెంకలోని పురుగును గురించి వినవలెను. ఈ ముక్కుపురుగు పిందెమీద గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగు కండను తొలచికొని టెంకలోనికి చేరును. తొలచిన దారి కాయ పెరుగుచుండగా పూడిపోవును. విజయనగరపు సువర్ణరేఖ పండు ఒకటి పైకి నవనవలాడుచున్నను లోపల ఈ అతిథి ఉండవచ్చును. పురుగు లేని దేశములో టెంకను పెరటిలో పారవేసినచో అక్కడి తోటలకు దాని బెడద అంటుకొనును. దానిని తిను శత్రువులు అక్కడ ఉండవు. అమెరికా చాలకాలము మన మామిడిని రానీయక, 2007 నుండి 400 గ్రేల మోతాదు వికిరణము సోకించిన పండ్లను మాత్రము రానిచ్చినది. ప్రయాణీకుని సంచిలోని పండుకు అట్టి చికిత్స జరుగదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో ఆహారపదార్థము ఏదియున్నను పత్రముమీద ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్న వస్తువు మహా అయితే చెత్తబుట్టకు పోవును; దాచిన వస్తువుకు జరిమానా.

ఆవకాయకు వేరొక శాస్త్రము వర్తించును. సీసాను నేలమీద మూసినప్పటి గాలి పీడనము విమానములో సుమారు మూడు వంతులకు తగ్గును. బాయిలు సూత్రము ప్రకారము లోపలి గాలి మూడవవంతు ఎక్కువ చోటు కోరును. చోటు లేక నూనెను మూతసందునుండి బయటికి నెట్టును. సీసాలో గాలి తక్కువగానున్న కొలది నెట్టుడు తక్కువ. మూతపై పొర చుట్టి, రెండు సంచులలో కట్టి పెద్దపెట్టెలో ఉంచవలెను. చేతిసంచిలో నూనె పచ్చడి సాగనీయరు.

డబ్బు, వీధి

భారతదేశము విడుచువారు 25,000 రూపాయల వరకు మన నోట్లు తీసికొనిపోవచ్చునుగాని, అక్కడి అంగళ్ళలో అవి చెల్లవు. విమానాశ్రయపు మారకపు బల్లపై కొను ధర, అమ్ము ధర అని రెండుండును. దిర్హాము అమ్ము ధర 26 రూపాయలు, కొను ధర 22 రూపాయలు అనుకొన్నచో, 1,000 రూపాయలకు వచ్చునవి 38 దిర్హాములు, 46 ఫిల్సులు. వెంటనే వానిని తిరిగి మార్చినచో చేతికి వచ్చునది 846 రూపాయలు. ఏ పనియు జరుగకయే 154 రూపాయలు పోయినవి. టాక్సీకి, ఒక పూట భోజనమునకు సరిపడునంత డబ్బు బయలుదేరకముందే బ్యాంకులో మార్చుకొని, తక్కినది నగరములో చూచుకొనుట లాభము. కార్డు యంత్రము "రూపాయలలోనా, స్థానిక నాణెములోనా" అని అడిగినచో స్థానిక నాణెమునే ఎన్నుకొనవలెను. రూపాయలని చెప్పినచో మారకపు ధరను అంగడివాని వైపు సంస్థ నిర్ణయించును.

విమానాశ్రయపు ఉచిత అంతర్జాలము కొన్నిచోట్ల టెలిఫోనుకు రహస్యసంఖ్య పంపిన తరువాత గాని తెరుచుకొనదు. ఇంటి సిమ్ముకు విదేశ సౌకర్యము లేనిచో ఆ సంఖ్య రాదు. కనుక చిరునామా, రెండు టెలిఫోను సంఖ్యలు, భారత రాయబార కార్యాలయపు సంఖ్య కాగితముమీద జేబులో ఉండవలెను. పోలీసుకు సింగపూరులోను, అరబ్ ఎమిరేట్సులోను 999. అంబులెన్సుకు సింగపూరులో 995, ఎమిరేట్సులో 998. అమెరికాలో అన్నిటికి 911, ఐరోపాలో 112.

తలుపు దాటగానే దగ్గరకు వచ్చి "టాక్సీ కావలెనా" అని తానే అడుగువానితో పోరాదు. అధికార టాక్సీలు వరుసలో నిలిచియుండును, అవి పిలువవు. పగటివేళ చేరినవారికి రైలు చవుక. సింగపూరు చాంగీకి 2002 నుండి నగరపు రైలు కలదు. దుబాయిలో 2009లో ప్రారంభమైన మెట్రో ఒకటవ, మూడవ టెర్మినళ్ళవద్ద ఆగును. పనిమీద పోయినవానిని యజమాని మనిషి వచ్చి తీసికొనిపోవును. బండిలోనే పాస్‌పోర్టు అడుగుట కొందరి వాడుక. వీసా ముద్రకై ఇచ్చినచో తిరిగి అడిగి తీసికొనవలెను. కార్మికుని పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకొనుట ఎమిరేట్సు, సౌదీ, కతారు దేశములలో చట్టవిరుద్ధము. దాని మొదటి పుట నకలు ఒకటి ఇంటివద్ద, ఒకటి పెట్టెలో ఉండవలెను.

సింగపూరులో బండ్లు మనవలెనే ఎడమప్రక్కన నడచును. గల్ఫు దేశములు, అమెరికా, బ్రిటను తప్ప ఐరోపాలో ఎక్కువభాగము కుడిప్రక్కన నడచును. శృంగవరపుకోట వీధి దాటుటలో చిన్ననాటినుండి అలవడినది ముందు కుడికి చూచుట. నిద్రచాలని మెదడు ఆ అలవాటునే పాటించును. అక్కడ మొదటి బండి ఎడమనుండి వచ్చును. టాక్సీ దిగి రోడ్డు దాటునప్పుడు కాలు క్రింద పెట్టకమునుపు ఎడమకు, పిమ్మట కుడికి, తిరిగి ఎడమకు చూడవలెను.